19వ శతాబ్దపు డచ్ బంగారు డుకాట్లు సేకరించడం ఎలా?

డచ్ డుకాట్ అంటే దేశాల మధ్య వ్యాపారంలో తిరిగిన నెదర్లాండ్స్ బంగారు నాణెం. ఏ సంవత్సరానిదైనా చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక వైపు కవచం తొడుక్కుని నిలబడ్డ యోధుడు, ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో బాణాల కట్ట. ఇంకో వైపు నగిషీ చట్రంలో లాటిన్ అక్షరాలు. రాజు బొమ్మ ఉండదు, విలువ చెప్పే అంకె కూడా ఉండదు. అందుకే కొత్తవాళ్లు "బంగారమే కదా, ఏదైతేనేం" అని గ్రాముల లెక్కన కొనేస్తారు. ఈ నాణెం కథ అంతా ఆవగింజంత గుర్తుల్లో ఉంది. అది ఏ ఊళ్లో అచ్చయిందో, ఎవరి కోసం అచ్చయిందో చెప్పేవి అవే. వాటిని చదవడం నేర్చుకున్నాకే డబ్బు బయటికి తీయండి.

ముందు లెక్కలు

బరువు 3.49 గ్రాములు, స్వచ్ఛత వెయ్యికి 983, వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో నాణెంలో 3.43 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. 16వ శతాబ్దం చివర్లో మొదలైన ఈ కొలత 19వ శతాబ్దంలోనూ అలాగే కొనసాగింది. బాల్టిక్ రేవుల్లో, పోలండ్‌లో, రష్యాలో వ్యాపారులు దీన్ని కళ్లకద్దుకుని తీసుకున్నది అందుకే. 1847 చట్టంతో నెదర్లాండ్స్ వెండి ప్రమాణానికి, అంటే డబ్బు విలువను వెండితో కొలిచే పద్ధతికి మారాక, గిల్డర్లలో (అప్పటి డచ్ కరెన్సీ) విలువ కట్టిన బంగారు నాణేలు చెలామణి నుంచి తప్పుకున్నాయి. డుకాట్ మాత్రం ఆగలేదు, ఎందుకంటే దానికి గిల్డర్లలో కట్టిన ధర లేదు. ఆ రోజు బంగారం రేటే దాని ధర.

మీరూ ఆ లెక్కతోనే మొదలుపెట్టండి. ఆ రోజు గ్రాము మేలిమి బంగారం ధరను 3.43తో గుణించండి. వచ్చింది బంగారం విలువ, అమ్మేవాడు దానిపైన అడిగేది చరిత్రకు, అరుదుదనానికి, నాణెం స్థితికి. ఈ రెండింటినీ విడివిడిగా చూడటం అలవాటైతే బేరం మీ చేతిలో ఉంటుంది.

గుర్తులు చదవడం

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, లూప్, ఒకటి కొనుక్కోండి. యోధుడి వైపు చూస్తే, కాళ్లకు అటూ ఇటూ సంవత్సరం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఎడమ 18, కుడి 49, అలాగన్నమాట. చుట్టూ ఉన్న లాటిన్ వాక్యం "ఐకమత్యంతో చిన్నవి పెద్దవవుతాయి" అని చెబుతుంది, బాణాల కట్ట కూడా ఏకమైన డచ్ ప్రావిన్సుల గుర్తే. ఆ అక్షరాల వరుసలోనే రెండు బుల్లి గుర్తులు వెతకాలి.

ఒకటి టంకశాలది. పాములు చుట్టుకున్న దండం (రోమన్ దేవుడు మెర్క్యురీది) కనిపిస్తే అది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ టంకశాల గుర్తు. రెండోది టంకశాల అధికారి సొంత గుర్తు, అధికారి మారితే ఇదీ మారుతుంది. రాజు మొదటి విలియం కాలంలో ఎక్కువగా కనిపించేది కాగడా. 1840 ప్రాంతంలో లిల్లీ పువ్వు వస్తుంది. 1846 నుంచి కత్తి, 1875 నుంచి గొడ్డలి, 1888 నుంచి పిడిగొడ్డలి (హాల్బర్డ్, పొడవాటి కర్రకు బిగించిన గొడ్డలి). శతాబ్దం మొదట్లో నెపోలియన్ తమ్ముడు లూయీ హాలండ్‌ను ఏలినప్పుడు తేనెటీగ గుర్తు కూడా వచ్చింది. 1808 నుంచి 1810 వరకు ఆయన ముఖంతో డుకాట్లు వేశారు. యోధుడు లేని మినహాయింపు అదే.

నన్నడిగితే సంవత్సరాల వారీగా కాకుండా ఈ గుర్తుల వారీగా సేకరించండి. కాగడా, లిల్లీ, కత్తి, గొడ్డలి, పిడిగొడ్డలి ఒక్కొక్కటి సంపాదిస్తే ఒక శతాబ్దం చేతికొచ్చినట్టే. ప్రతి సంవత్సరమూ కావాలని కూర్చుంటే కొన్ని దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోవాల్సి వస్తుంది.

డచ్ నాణెం కాని డచ్ నాణేలు

ఈ సేకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. 1735 నుంచి రష్యా తన సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాలలో డచ్ డుకాట్లను రహస్యంగా అచ్చువేసింది. బొమ్మ అదే, అక్షరాలవే, గుర్తులూ అవే. విదేశాల్లో చెల్లింపులకు, కాకసస్‌లోనూ మధ్య ఆసియాలోనూ ఉన్న సైన్యం జీతాలకు అందరూ నమ్మే నాణెం కావాలి. రూబుల్ కంటే డుకాట్‌కే అక్కడ పలుకుబడి. రష్యా ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు కూడా రాసేవారు కాదు, "తెలిసిన నాణెం" అని సరిపెట్టేవారు. నెదర్లాండ్స్ అభ్యంతరం చెప్పాక 1860ల చివర్లో ఈ పని ఆగింది.

ఇవి ఇత్తడి మీద పూత వేసిన నకిలీలు కావు. బంగారం నిజం, బరువు నిజం. పీటర్స్‌బర్గ్ అచ్చులు చివరి సంవత్సరాల్లో 1849 దగ్గరే నిలిచిపోయాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే తేదీతో కొట్టారు. అందుకే ఈ రోజు మార్కెట్లో కనిపించే 1849 డుకాట్లలో ఎక్కువ భాగం నెదర్లాండ్స్ ముఖం చూడనివే. అమ్మేవాడు "ఉట్రెక్ట్ 1849" అని చీటీ పెట్టినంత మాత్రాన ఎక్కువ ధర ఇవ్వొద్దు. రెండింటి మధ్య తేడా అక్షరాల ఆకారంలో, యోధుడి ముఖంలో ఉంటుంది, దాన్ని పెద్ద వేలం సంస్థల పాత కేటలాగుల్లో ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తేనే కన్ను పట్టుకుంటుంది. కేటలాగుల్లో పీటర్స్‌బర్గ్ నాణేలకు వేరే నంబరు ఇస్తారు. కొనేముందు ఆ నంబరు అడగండి.

ఇంకొకటి వార్సాది. 1830 నవంబరులో పోలండ్ రష్యా మీద తిరగబడింది. 1831లో తిరుగుబాటు ప్రభుత్వం వార్సా టంకశాలలో డచ్ డుకాట్లు కొట్టింది. కాగడా ఉండాల్సిన చోట చిన్న పోలిష్ గద్ద పెట్టింది, మిగతాదంతా మామూలు డుకాటే. లూప్ లేకుండా చూస్తే తేడా తెలియదు. పోలండ్ సేకర్తలు వీటికోసం గట్టిగా పోటీ పడతారు కాబట్టి ధర ఎక్కువే ఉంటుంది, కానీ నా లెక్కలో ఒక గద్ద డుకాట్ లేని డచ్ డుకాట్ల పెట్టె పూర్తి కాదు.

అసలుదో కాదో చూసుకోవడం

మొదట బరువు. 3.40 గ్రాముల కంటే తక్కువ తూగితే కారణం అడగండి, అంచు గీకారా, బాగా అరిగిందా అని. తర్వాత నాణేన్ని చదునైన గాజు పలక మీద పెట్టి వేలితో మెల్లగా నొక్కండి. అటూ ఇటూ ఊగితే ఎప్పుడో వంగిందని అర్థం. 983 బంగారం మెత్తన, రేకు పలుచన, అందుకే వంగినవి చాలా ఉంటాయి.

ఇప్పుడు అంచు. నాణేన్ని నిలబెట్టి, లూప్‌లో చూస్తూ మెల్లగా తిప్పండి. యోధుడి తల పైన, గడియారంలో పన్నెండు ఉండే చోట, అంచు గీతలు చెరిగిపోయి నున్నగా కనిపిస్తే, లేదా బంగారం రంగు కాస్త మారితే, అక్కడ ఒకప్పుడు కొక్కెం అతికి ఉండేది. కాసులపేరు చూసి పెరిగిన మనకు అది తప్పుగా అనిపించకపోవచ్చు. సేకర్తలు మాత్రం అలాంటి నాణేన్ని దాదాపు బంగారం ధరకే అడుగుతారు. మీరూ అంతకే కొనండి.

నీటి పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయండి. సన్నటి నైలాన్ దారంతో నాణేన్ని నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయండి. నాణెం బరువును అప్పుడు త్రాసు చూపించే అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. డుకాట్‌కు అది 19 దగ్గర ఉండాలి. ఒక చిక్కుంది. అసలు డుకాట్‌కు ఆ అంకె సుమారు 0.184 వస్తే, 22 కారెట్ల నకలుకు 0.196 వస్తుంది. రెండు దశాంశాల త్రాసు ఈ తేడాను సరిగా పట్టలేదు. మూడు దశాంశాల త్రాసే కావాలి.

నగల షాపులో కారెట్ మీటర్ మీద పెట్టించడం కూడా మంచిదే, కాకపోతే అది పై పొరనే చదువుతుంది. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి, ఆ గీత ఇక పోదు.

సంవత్సరం చూడటం మర్చిపోవద్దు. డచ్ టంకశాల ఇదే యోధుడితో ఈనాటికీ డుకాట్లు వేస్తోంది. అద్దంలా మెరుస్తూ 1970ల తేదీతో ఉన్నదాన్ని "పాత డుకాట్" అని అమ్మజూపుతారు. ఫ్రాంజ్ జోసెఫ్ తలతో 1915 అని ఉండేది ఆస్ట్రియా డుకాట్, బరువు ఇంచుమించు ఇదే అయినా నాణెం వేరు.

ఎక్కడ, ఎలా కొనాలి

మొదటిది పేరున్న వేలం సంస్థ దగ్గరో, నాణెం అసలుదో కాదో, స్థితి ఎలా ఉందో చూసి చెప్పే గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసినదో కొనండి. ధర కాస్త ఎక్కువైనా అది మీకు కొలబద్దగా పనికొస్తుంది. వేలంలో కొనేవారి కమిషన్ విడిగా పడుతుంది, దాన్ని కలుపుకునే మీ చివరి పాట ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి.

డుకాట్ దొరకడం ఆలస్యమైతే మూడో విలియం బొమ్మతో ఉన్న 10 గిల్డర్ల బంగారు నాణెంతో మొదలుపెట్టొచ్చు. అది వ్యాపార నాణెం కాదు, దేశంలో చెలామణి అయ్యేదే. బరువు 6.729 గ్రాములు, స్వచ్ఛత 900. 1875లోనే సుమారు 41 లక్షలు వేశారు కాబట్టి బంగారం ధరకు దగ్గరలోనే దొరుకుతుంది. బాల రాణి విల్హెల్మినా 10 గిల్డర్లు 1892వి 61, 1895వి 149 మాత్రమే వేశారు. ఆ తేదీలతో చవకగా ఎవరైనా చూపిస్తే దూరంగా ఉండండి. నెదర్లాండ్స్‌లో ఉండే తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: 1800 తర్వాత వేసిన, 900 స్వచ్ఛతకు తగ్గని, ఒకప్పుడు చట్టబద్ధంగా చెలామణి అయిన బంగారు నాణేనికి, ధర బంగారం విలువ కంటే 80 శాతానికి మించి పెరగకపోతే, ఐరోపా సమాఖ్యలో వ్యాట్ ఉండదు.

మన దగ్గర "మచిలీపట్నం డచ్చివాళ్లు తెచ్చింది" అని 1849 డుకాట్ చూపిస్తే కథకు డబ్బివ్వకండి. డచ్ ఈస్టిండియా కంపెనీ 1799లోనే ముగిసింది. 1824 ఒప్పందంతో మచిలీపట్నం, భీమునిపట్నం లాంటి స్థావరాలను కూడా వాళ్లు ఇంగ్లిష్ వాళ్లకు వదిలేశారు.

విదేశం నుంచి తెప్పించుకునేవారు డబ్బు కట్టకముందే కస్టమ్స్ బ్రోకర్‌తో మాట్లాడండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని మన దేశం నుంచి సొంతంగా బయటికి పంపడం కుదరదు, మళ్లీ విదేశీ వేలంలో అమ్ముకుందామనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

దాచుకోవడం

కుంకుడుకాయ రసం, బ్రష్షు, మెరుగు పెట్టించడం, ఇవేవీ వద్దు. నగకు మంచిదైనది నాణేనికి సన్నటి గీతలు మిగులుస్తుంది. జిడ్డు ఉంటే కాసేపు అసిటోన్‌లో ఉంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వండి. పీవీసీ కవర్లు కాలం గడిస్తే జిగురు వదులుతాయి, గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ వాడండి. పట్టుకునేది అంచులతోనే.

ప్రతి నాణేనికీ ఒక చీటీ రాయండి: సంవత్సరం, టంకశాల గుర్తు, అధికారి గుర్తు, మీ త్రాసులో తూగిన బరువు, ఎక్కడ ఎంతకు కొన్నారు. బిల్లు, రెండు వైపుల ఫొటోలు, అంచు ఫొటో దానికి జత చేసి, నాణెం ఉన్న చోట కాకుండా వేరే చోట భద్రపరచండి.