విశాఖలో ఇంటి పెద్ద పోయాక ఆస్తి వారసుల పేరుకు మార్చుకోవడం ఎలా

పని మరణ నమోదుతో మొదలవుతుంది. సగం చిక్కులు పుట్టేదీ అక్కడే. ఆసుపత్రిలో పోతే వివరాలు వాళ్లే జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) పంపుతారు, ఇంట్లో పోతే కుటుంబమే నమోదు చేయించాలి. 21 రోజుల్లోపు ఉచితం. నెల దాటితే జిల్లా రిజిస్ట్రారు అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. గడువు సంగతి అలా ఉంచి ముందు పేరు చూసుకోండి. కేస్‌షీటులో ‘ఎస్. రావు’ అని రాస్తే సర్టిఫికెట్టులోనూ అదే దిగుతుంది. ఇంటి దస్తావేజులో ‘వెంకట సూర్యారావు’, ఆధార్‌లో ‘సూర్యారావు’ అని ఉంటాయి. ఇక బ్యాంకు నుంచి సబ్‌రిజిస్ట్రారు దాకా ప్రతి కౌంటరు దగ్గరా ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకుంటూ తిరగాలి. వివరాలు పంపేముందే ఆధార్ కాపీ, దస్తావేజు మొదటి పేజీ పక్కన పెట్టుకుని ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం సరిచూడండి.

తర్వాతది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీసేవలో గానీ వార్డు సచివాలయంలో గానీ దరఖాస్తు పెడితే, విచారణ జరిగాక పోయినవారు ఉన్న మండలం తహసీల్దారు ఇస్తారు. పెళ్లయిన కూతుళ్లు, పోయినాయన తల్లి బతికుంటే ఆమె, అందరి పేర్లూ రాయించండి. ‘ఆడపిల్లకు కట్నం ఇచ్చేశాం కదా’ అని ఒక పేరు వదిలేస్తే, ఆ సర్టిఫికెట్టు మీద జరిగిన ప్రతి పనినీ ఆమె రేపు కోర్టులో ప్రశ్నించవచ్చు. పైగా ఈ కాగితం కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుందే తప్ప ఆస్తి హక్కును తేల్చదు.

బ్యాంకులో నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కాగితాలు చాలు. అయితే నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, అందులో మిగతా వారసుల వాటా పోదు. నామినీ లేకపోయినా వెంటనే కోర్టుకు పరుగెత్తక్కర్లేదు. ఆర్బీఐ 2025 సెప్టెంబరు ఆదేశాల ప్రకారం, తగాదా లేని చోట రూ.15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో రూ.5 లక్షల దాకా, క్లెయిము ఫారం, ఇండెమ్నిటీ బాండు (తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే ఆ నష్టం మేం భరిస్తామనే హామీ పత్రం), మిగతా వారసుల అంగీకార పత్రంతో ఇచ్చేయాలి. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. అందుకే కాగితాలు ఇచ్చిన రోజే తేదీతో రసీదు అడిగి తీసుకోండి. ఏటీఎం కార్డు మాత్రం ముట్టుకోవద్దు. ఖర్చులకని తీసిన పదివేలే తర్వాత అన్నదమ్ముల మధ్య లెక్కల గొడవవుతుంది.

అంతకు మించిన డిపాజిట్లకు, షేర్లకు కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ (వారసత్వ ధ్రువపత్రం) అడగవచ్చు. పోయినవారు ఇక్కడ నివసించి ఉంటే విశాఖ కోర్టులోనే పిటిషన్ వేయాలి. కోర్టు ఫీజు మొత్తాన్ని బట్టి ఉంటుంది. ఇది రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, షేర్లకే. ఫ్లాటు కోసం దీన్ని తెచ్చుకోవడం దండగ, స్థిరాస్తికి ఇది పనికిరాదు.

ఎవరికి ఎంత

వీలునామా లేని హిందూ పురుషుడి స్వార్జితం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మధ్య సమానంగా పంచాలి. పిల్లల్లో ఎవరైనా ముందే పోయి ఉంటే ఆ వాటా వాళ్ల భార్యాబిడ్డలకు వెళుతుంది. తండ్రి ఈ వరసలో లేడు. అందరూ మరచిపోయేది తల్లినే. మధురవాడలో రూ.50 లక్షల ఫ్లాటు ఉందనుకోండి. భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు, 80 ఏళ్ల తల్లి ఉన్నారు. ఒక్కొక్కరికి రూ.10 లక్షల వాటా. నాయనమ్మకు విడిగా రాయించడమెందుకని ఊరుకుని, రెండేళ్లకు ఆమె పోయిందనుకోండి. ఆమె పది లక్షలు ఆమె పిల్లలందరికీ చీలుతాయి. మొత్తం ముగ్గురు పిల్లలైతే అత్తకు మూడు లక్షల ముప్పైమూడు వేలు, బాబాయికి అంతే, పోయిన కొడుకు వాటా అతని పిల్లలకు. ఫ్లాటు అమ్మేరోజు అత్త సంతకం, బాబాయి సంతకం లేకుండా కొనేవాడు ముందుకు రాడు. తల్లి తన ఇష్టంతో వాటా వదులుకుంటానంటే, ఆమె ఓపికగా ఉన్నప్పుడే హక్కు విడుదల దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయించినది స్థిరాస్తికి చెల్లదు.

అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపుతారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ సంగతి తెలియక బీరువాలో దాచి, రిజిస్ట్రేషన్ రోజున బయటకు తీస్తారు! వారసుల్లో మైనరు ఉంటే ఆ వాటా అమ్మడానికి తల్లి సంతకం ఒక్కటీ చాలదు, కోర్టు అనుమతి కావాలి.

వీలునామా ఉంటే

ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయో లేదో మొదట చూడండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసినవారు పోయాక కూడా చేయించవచ్చు. రాశారని తెలుసు గానీ కాగితం దొరకలేదంటే ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో) వెతికి లాభం లేదు. వీలునామాలు వేరే రిజిస్టరులో ఎక్కుతాయి. మరణ ధ్రువపత్రం చూపి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగండి. కొందరు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాస్తారు, అక్కడా ఆరా తీయండి.

ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, లేకపోతే వీలునామా చెల్లదని చెన్నై బంధువులు చెబుతారు. చెన్నై, ముంబై, కోల్‌కతా వంటి చోట్ల 2025 దాకా ఉన్న నిబంధన అది. విశాఖలో హిందువు ఇక్కడి ఆస్తికి రాసిన వీలునామాకు అది తప్పనిసరి కాదు. అలాగని ఎప్పుడూ అక్కర్లేదనీ కాదు. బిడ్డల్లో ఒకరు అలిగి ఉన్నా, వీలునామా రిజిస్టరు కాకపోయినా, సాక్షులు పెద్దవయసు వాళ్లైనా జిల్లా కోర్టులో ప్రొబేటు వేయడమే మేలు. కోర్టులో కనీసం ఒక సాక్షి వచ్చి ‘నా ఎదుటే సంతకం చేశారు’ అని చెప్పాలి. ఆ సాక్షి బతికి, జ్ఞాపకం ఉన్నప్పుడే పని కావాలి. ఎవరైనా అభ్యంతరం వేస్తే కేసు దావాలా మారి ఏళ్లు పడుతుంది. వీలునామాలో అమలుదారుడి పేరు లేకపోతే ప్రొబేటు ఇవ్వరు, దాని బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి వ్యవహారాలు చూసేందుకు కోర్టు ఇచ్చే అధికార పత్రం) అడగాలి.

పేరు మార్పిడి, పన్ను

పంపకాల దస్తావేజుకు ముందు ఈసీ తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. వన్‌టౌన్‌లోని పాత ఇళ్లకు అంతకు ముందటి చేతిరాత రిజిస్టర్లు వెతికించాలి. దస్తావేజు రిజిస్టరయ్యాక జీవీఎంసీ ఇంటిపన్ను, ఈపీడీసీఎల్ కరెంటు సర్వీసు, వ్యవసాయ భూమైతే తహసీల్దారు దగ్గర మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు). ఇంటిపన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదు, ముందు దస్తావేజే.

వారసత్వ పన్ను మన దేశంలో 1985 నుంచి లేదు. కానీ ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు దాకా వచ్చిన ఆదాయానికి వారసుడు రిటర్ను వేయాలి. అందుకు ఆదాయపన్ను పోర్టల్లో చట్టబద్ధ వారసుడిగా నమోదు కావాలి. ఆ పని అయ్యేదాకా పాన్ కార్డు వెనక్కి ఇవ్వకండి. తర్వాత ఇల్లు అమ్మితే లాభం లెక్కకు నాన్న కొన్న ధరే మూలం. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువ తీసుకోవచ్చు. కాబట్టి పాత లింకు డాక్యుమెంట్లను (ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే దస్తావేజులను) పాత కాగితాలతో పాటు పారేయకండి.