ఇంట్లో ప్రాజెక్టు – 3వ పాఠం: మహేంద్రగిరికి ఎత్తు పెట్టడం

కిందటి పాఠంలో అట్ట మీద శ్రీకాకుళం జిల్లా పటం గీయడం దాకా వచ్చాం. అట్ట పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 45. స్కేలు ఒక సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. ఇచ్ఛాపురం పైన కుడి వైపు, రణస్థలం కింద ఎడమ వైపు వచ్చి ఉంటాయి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ నీలం గీతలుగా ఉన్నాయి. గీసింది పిల్లలు కాబట్టి సముద్రతీరం కాస్త వంకరగా ఉండొచ్చు. ఉండనివ్వండి. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి. ఇంట్లో ఉన్న పాత అట్లాసు చూసి గీస్తే పాలకొండ, రాజాం కూడా గీత లోపలే ఉండిపోతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి.

ఈ పాఠంలో ఆ పటానికి కాగితం గుజ్జుతో ఎత్తులు పెడతాం. మూడు సాయంత్రాల పని, రోజుకు ముప్పావుగంట చాలు. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రులు శుక్రవారం రాత్రి కాగితాలు నానబెడితే ఆదివారం సాయంత్రానికి అట్ట ఆరుతూ ఉంటుంది.

పనిలోకి దిగే ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా పాప ఐదో తరగతిలో ఉండగా విజయనగరం కోట నమూనా చేసి తెమ్మన్నారు. గడువు మర్నాడే. పాపను పడుకోబెట్టి, రాత్రి రెండు గంటల దాకా కూర్చుని థర్మాకోల్‌తో కోటంతా నేనే చేశాను. నాలుగు మూలలా నాలుగు బురుజులు, ముందు సింహద్వారం, మీద ‘1713’ అని రాసిన చీటీ. చూడ్డానికి చాలా బాగా వచ్చింది. బడిలో టీచరు బురుజు మీద వేలు పెట్టి, ‘ఇది ఎందుకమ్మా మూలనే కట్టారు?’ అని అడిగారట. మా పాప ‘మా అమ్మకి తెలుసు టీచర్‌’ అందట. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట నాకు చెబుతున్నప్పుడు దాని కళ్లు కిందకే ఉన్నాయి. మార్కులు బాగానే వచ్చాయి. ఆ కోటను మాత్రం అది మళ్లీ ముట్టుకోలేదు.

అప్పట్నుంచి మా ఇంట్లో పెద్దవాళ్లు చేసే పనులు మూడే: మరిగే నీళ్లు, కట్టరు, గడువు గుర్తుచేయడం. మిగతాదంతా పిల్లల చేతుల మీదుగానే జరగాలి. ఈ పాఠాలన్నీ ఆ లెక్కతోనే రాస్తున్నాను.

గుజ్జు

ఈ సైజు అట్టకు దినపత్రిక పెద్ద షీట్లు పదిహేను నుంచి ఇరవై పడతాయి. ఆదివారం అనుబంధాల్లో వచ్చే నున్నటి కాగితం వద్దు. దాని మీద పూత ఉంటుంది కాబట్టి సరిగ్గా నానదు. కాగితాన్ని కత్తెరతో కత్తిరించకుండా చేత్తో చింపించండి. చింపిన అంచున పోగులు లేచి ఉంటాయి, అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పత్రికను పై నుంచి కిందకు చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. కాగితంలో పోగులన్నీ ఎక్కువగా ఒకే దిశలో ఉండటమే కారణం. ఈ సంగతి మీరు చెప్పకండి. ‘అటూ ఇటూ చింపి చూడు, ఏ వైపు తేలిక?’ అని అడగండి, చాలు.

చింపిన ముక్కలను బకెట్లో వేసి, పెద్దవాళ్లు మరిగే నీళ్లు పోయాలి. రాత్రంతా నాననివ్వండి. పక్కనే చిన్న గిన్నెలో నాలుగు చెంచాల మెంతులు నానబెట్టండి. మర్నాడు కాగితాన్ని పిల్లలు చేత్తో బాగా పిసికి నీళ్లు పిండేయాలి. మెంతులు మెత్తగా రుబ్బి అందులో కలపాలి. ఇక మైదా జిగురు. ఒక గ్లాసు మైదాను చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, నాలుగు గ్లాసుల మరిగే నీళ్లలో పోస్తూ, అది కొంచెం నిగారించే దాకా తిప్పాలి. స్టవ్‌ దగ్గర పని కాబట్టి ఇదీ పెద్దవాళ్లదే. ఒక చెంచా ఉప్పు వేస్తే త్వరగా బూజు పట్టదు. చల్లారాక కొద్దికొద్దిగా గుజ్జులో వేసి కలపమనండి. చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా, ముద్ద చేస్తే నిలిచేలా ఉండాలి.

మెంతులెందుకని చాలామంది అడుగుతారు. మా ఇంట్లో ఈ జవాబు మా అత్తగారి దగ్గర దొరికింది. మేం వరండాలో గుజ్జు పిసుకుతుంటే వచ్చి చూసి, ‘ఏటే అది, చాట అలుకుతున్నారా?’ అన్నారు. వాళ్ల రోజుల్లో కొత్త వెదురు చాట కొంటే మెంతులూ కాగితాలూ కలిపి రుబ్బి అలికేవారట. ‘కన్నాలు పూడుకుపోయేవి. పురుగు దరిచేరేది కాదు. బియ్యం చెరిగితే ఒక్క నూక కూడా కింద పడేది కాదు’ అన్నారు. మెంతుల్లో ఉన్న జిగురు ఎండాక గట్టిపడుతుంది, చేదు పురుగును రానివ్వదు. మా పాప ఆ మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. ప్రాజెక్టు రిపోర్టులో ‘సామగ్రి’ అనే చోట ‘మెంతులు – మా నానమ్మ చెప్పారు’ అని పెట్టింది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే గుజ్జు కలిపే సాయంత్రం వాళ్లను పక్కన కూర్చోబెట్టండి.

అట్ట వంగకుండా

తడి గుజ్జు ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టను కూడా లాగుతుంది. మొదటిసారి మా అట్ట తవాలా వంగిపోయి, మధ్యలో పగిలింది. దానికి విరుగుడు రెండు అట్టపెట్టె ముక్కలను ఒకదాని మీద ఒకటి అంటించడం. లోపలి గీతలు ఒక అట్టకు నిలువుగా, రెండో దానికి అడ్డంగా రావాలి. ఆ తర్వాత ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి రెండు వైపులా పూయండి. ఒక వైపే పూస్తే అది ఆరుతూ అటే లాగుతుంది. పటం ఒకే అట్ట మీద గీసేసిన వాళ్లు కంగారు పడక్కర్లేదు, రెండోది ఇప్పుడు అడుగున అంటించుకోవచ్చు. ఇంట్లో పాత ప్లైవుడ్‌ ముక్క ఉంటే ఈ బాధే లేదు.

కొండ ఎంత ఎత్తు?

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. దీన్ని తొందరగా దాటేయకండి.

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. కొండ ఉన్నది ఒడిశాలోని గజపతి జిల్లాలో, మన సరిహద్దు గీతకు అవతల, మందసకు వాయవ్యంగా. మన జిల్లాది కాని కొండను ఎందుకు పెట్టాలని పిల్లలు అడుగుతారు. జవాబు నది పేరులోనే ఉంది. తనయ అంటే కూతురు. ఆ కొండల్లో పుట్టి, కిందకు దిగి, బారువ దగ్గర సముద్రంలో కలిసే నది మహేంద్రతనయ. కొండ లేకపోతే నది ఎక్కడి నుంచి వచ్చిందో పటంలో తెలియదు.

ఇప్పుడు లెక్క. ఒక సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు అన్నాం. కొండ ఎత్తు ఒకటిన్నర కిలోమీటర్లు. అంటే మన పటంలో కొండ ఎంత ఎత్తు రావాలి? పిల్లలనే భాగించనివ్వండి. 0.6 సెంటీమీటర్లు, అంటే ఆరు మిల్లీమీటర్లు. మా పాప స్కేలు మీద ఆరు మిల్లీమీటర్ల దగ్గర గోరు పెట్టి చూసి నీరసపడిపోయింది. ‘ఇంతేనా అమ్మా? మందస దగ్గర బస్సులోంచి చూస్తే ఎంత పెద్దగా కనిపించింది!’

వెంటనే జవాబు చెప్పాలని నాకూ అనిపించింది, కానీ ఆగాను. ‘మరేటి చేద్దాం?’ అన్నాను.

‘పెద్దది చేద్దాం.’

‘ఎంత పెద్దది? నీకు నచ్చినంతా?’

కాసేపు పెన్సిల్‌ కొరుకుతూ కూర్చుంది. తర్వాత, ‘దీన్ని పెంచితే మిగతా కొండలన్నీ కూడా అంతే పెంచాల కదమ్మా’ అంది.

భూగోళంలో నిలువు స్కేలు అంటే ఇదే. పిల్ల దాని పేరు తెలియకుండానే దాన్ని పట్టుకుంది. ఉబ్బెత్తు పటాలు చేసేవాళ్లు ఎత్తులను కావాలనే కొన్ని రెట్లు పెంచి చూపిస్తారు. మనం పది రెట్లు పెంచుదాం. అప్పుడు నిలువుగా ఒక సెంటీమీటరు 250 మీటర్లు అవుతుంది, మహేంద్రగిరి ఆరు సెంటీమీటర్లు వస్తుంది. ఇదే లెక్కతో శ్రీకాకుళం పట్టణం చూడమనండి. సముద్రమట్టానికి సుమారు 10 మీటర్లు. అంటే పది రెట్లు పెంచాక కూడా అర మిల్లీమీటరు రాదు, ఒక అట్టముక్క మందం కూడా లేదు. మనం ఎంత పల్లపు నేల మీద ఉంటున్నామో, వంశధారకూ నాగావళికీ వరదొస్తే నీళ్లు ఊళ్లలోకి ఎందుకు వస్తాయో ఆ అర మిల్లీమీటరు చూస్తే పిల్లలకు అర్థమవుతుంది. రెండు స్కేళ్లనూ పటం మూలన రాయించడం మరచిపోకండి. టీచరు అడిగే మొదటి ప్రశ్న బహుశా అదే.

మిగతా కొండల ఎత్తులకు కంప్యూటర్‌లో గూగుల్‌ ఎర్త్‌ తెరిచి ఆ చోట మౌస్‌ పెడితే సముద్రమట్టం నుంచి ఎత్తు కింది మూలన కనిపిస్తుంది. ఇరవై చోట్ల అక్కర్లేదు, ఎనిమిదో పదో చాలు. వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండను వదలకండి. బౌద్ధ స్తూపాలున్న చోటు కాబట్టి వచ్చే పాఠంలో దాని మీద జెండా పెడతాం.

కొబ్బరి ఈనెలు

ఎత్తు చూసుకోవడానికి కొబ్బరి చీపురు ఈనెలు వాడండి. ముందుగా సముద్రం వదిలేసి, నేల ఉన్న చోటంతా మూడు మిల్లీమీటర్ల మందంలో గుజ్జు పరచాలి. ఆ పొర పైభాగమే మన సముద్రమట్టం. అట్ట మీద తీరం మెట్టులా తేలి చాలా అందంగా ఉంటుంది. తర్వాత ప్రతి కొండ చోటా ఒక ఈనె గుచ్చి, పొర పైనుంచి కొలిచి, రావలసిన ఎత్తు దగ్గర పెన్నుతో గీత పెట్టాలి. మహేంద్రగిరి ఈనెకు ఆరు సెంటీమీటర్ల దగ్గర గీత. ఆ గీత తాకే దాకా గుజ్జు పేర్చడమే పిల్లల పని. పైకి పొడుచుకున్న ముక్కను ఆరాక కత్తిరించొచ్చు. ఇక మీరు పక్కన నిలబడి ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అనాల్సిన పని ఉండదు. చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఆ మాటతోనే.

కొండనంతా గుజ్జుతో నింపకండి. మన తీరం గాలిలో తేమ ఎక్కువ. ఆరు సెంటీమీటర్ల ముద్ద లోపల తడి ఆరదు, నాలుగో రోజుకు వాసన వేస్తుంది. పొడి కాగితాన్ని ఉండలు చుట్టి, ఈనె చుట్టూ మైదా జిగురుతో అంటించి, దాని మీద అర సెంటీమీటరు మందం గుజ్జు పూస్తే చాలు. కొండ ఒంటరి శంకువులా నిలబడకుండా పక్కన వాలు, చిన్న కొండలు కూడా రావాలి. ఇక్కడ పిల్లలు తమకు తోచినట్టు చేస్తారు. చేయనివ్వండి. వేలిముద్రలు కనిపిస్తే చెంచాతో నున్నగా రుద్దేయకండి.

నదులు

గుజ్జు తడిగా ఉండగానే నీలం గీత ఎక్కడుండేదో గుర్తు చేసుకుని చూపుడువేలితో కాలువ నొక్కాలి. అందుకే పరచేముందు పటాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోమంటాను. వంశధార హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి శ్రీకాకుళం పట్టణం మీదుగా వచ్చి కళ్లేపల్లి దగ్గర కలుస్తుంది. విజయనగరం జిల్లా పటం చేస్తున్నవాళ్లు చంపావతిని కోనాడ దాకా నొక్కండి, మిగతా పనంతా ఇదే.

మర్నాడు పైపొర ఆరాక ఒక చిటికెడు ఆవాలు పిల్లల చేతిలో పెట్టండి. కొండ మీద నుంచి ఒక్కో గింజ వదలమనండి. వాలులో దొర్లి, మైదానంలోకి రాగానే ఆగిపోతుంది. ‘ఎందుకు ఆగింది?’ అని అడగండి. తర్వాత అట్టను సముద్రం వైపు కొంచెం వంచితే కాలువ వెంట మెల్లగా కదులుతుంది. నది కొండల్లో ఉరకడం, మైదానంలో నిదానించడం వాళ్ల కళ్ల ముందే జరుగుతుంది. కాలువ మధ్యలో గింజ ఆగిన చోట గుజ్జు ఉబ్బి ఉందన్న మాట. అక్కడ తడి వేలితో మళ్లీ నొక్కాలి. మా పక్కింటి బాబు మా ఇంట్లోనే తన అట్ట చేసుకున్నాడు. వాడి నాగావళి తిరగబడి కొండ వైపు పారింది. దాన్ని సరిచేయడానికి గంటసేపు పట్టింది. నేను చేయి వేయలేదు. ఆఖరి ఆవగింజ సముద్రంలో పడ్డప్పుడు వాడు వేసిన కేక వీధి చివరి దాకా వినిపించింది.

ఆరబెట్టడం

మొదటి పూట నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందే బిగుసుకుని పగుళ్లు వస్తాయి. తర్వాత రెండు మూడు రోజులు ఎండ. వానాకాలమైతే ఫ్యాను కింద నాలుగైదు రోజులైనా ఉంచాలి, గడువు లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. రాత్రిళ్లు బయట వదలొద్దు, మంచుకు మళ్లీ తడుస్తుంది. అడుగున రెండు ఇటుకలు పెట్టి అట్టను లేపితే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. ఆరిందో లేదో చెంప ఆనించి చూడమనండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఈలోగా పిల్లలు చేయాల్సిన రాతపని ఒకటుంది. ఎనిమిది కొండల పేర్లు, అసలు ఎత్తు, పటంలో ఎత్తు ఒక పట్టీగా నోట్‌బుక్‌లో రాయాలి. పక్కన ఈ వారం ఏది కుదరలేదో, దాన్ని ఎలా సరిచేశారో సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయాలి. అక్షరదోషాలుంటే పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి వదిలేయండి, తిరిగి చూసుకుని దిద్దుకుంటారు.

అట్ట పూర్తిగా ఆరాక చిన్న చిన్న పగుళ్లు కనిపిస్తాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లలతోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టించి, పిడికెడు గుజ్జు ఫ్రిజ్‌లో మూతపెట్టి దాచండి. వచ్చే పాఠం ఆ పగుళ్లు పూడ్చడంతో మొదలై, రంగుల్లోకి వెళుతుంది.