పిన్‌కోడ్ కడుపులో ఏముంది? (సంఖ్యలతో చెలిమి: నాలుగో పాఠం)

పోయిన పాఠంలో అంకెల మొత్తంతో 3, 9 ఎక్కాల సంగతి తేల్చాం. ఈసారి ఆరంకెల సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొడదాం. సంఖ్య కోసం వెతుక్కోనక్కరలేదు, విశాఖలో ఏ ఉత్తరం మీదైనా ఉంటుంది. పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. ద్వారకానగర్‌ది 530016, గాజువాకది 530026. చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా? లోపల పోలికే లేదు.

ముందుగా ఒక చిట్కా. 7 × 11 × 13 = 1001. 530026 అంటే 530 వేలు, మీద 26. దీన్నే 530 × 1001 లోంచి (530 − 26) తీసేసినట్టు రాయవచ్చు. మొదటి భాగం 7, 11, 13 మూడింటితోనూ పోతుంది. ఇక చూడవలసింది 530 − 26 = 504 ఒక్కటే. అది ఏడో ఎక్కంలో 72వ మెట్టు. కాబట్టి గాజువాక 7తో పోతుంది, 11, 13లతో పోదు. ద్వారకానగర్‌కు 530 − 16 = 514. ఇది మూడింటికీ లొంగదు.

ఇప్పుడు 530016ను 2తో భాగిస్తూ పోండి. అయిదుసార్లు భాగిస్తే 16563 మిగులుతుంది. అంకెల మొత్తం 21, అంటే 3తో పోతుంది, 5521 వస్తుంది. అసలు పని ఇక్కడే. 75 × 75 = 5625, అంటే 5521ని దాటిపోయింది. 5521 రెండు సంఖ్యల లబ్ధమైతే అందులో ఒకటైనా 75 కన్నా చిన్నదై తీరాలి. అందుకే 73 దాకా ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. 5521 బేసి సంఖ్య, అంకెల మొత్తం 13, చివరి అంకె 1, కాబట్టి 2, 3, 5లతో పోదు. 530016నే భాగించలేని 7, 11, 13 దాని ముక్కయిన 5521నీ భాగించలేవు, వాటినీ వదిలేయండి. 17 నుంచి 73 వరకు పదిహేను భాగహారాలు మిగిలాయి. విసుగే, కాని కాగితం మీద చేయండి. 23 దగ్గర నాకు ఆశ పుట్టింది: 23 × 240 = 5520. ఒక్కటి తేడాతో తప్పిపోయింది! చివరికి ఏదీ భాగించలేదు. 5521 ప్రధాన సంఖ్యే.

530016 = 2⁵ × 3 × 5521

గాజువాక సంగతి వేరు. 2తో, 7తో భాగిస్తే 37859. దాన్ని 17తో భాగిస్తే 2227. చాలామంది ఇక్కడే 17 అయిపోయిందనుకుని 19కి వెళ్లిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లి, పావుగంట పోగొట్టుకున్నాను. అదే 17తో మళ్లీ చూడండి: 2227 = 17 × 131.

530026 = 2 × 7 × 17² × 131

భాజకాలు ఎన్నో లెక్కిద్దాం. ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణించాలి. 2⁵లో 2ను అసలు తీసుకోకపోవడం నుంచి అయిదుసార్లు తీసుకోవడం దాకా ఆరు దారులున్నాయి మరి. ద్వారకానగర్‌కు 6 × 2 × 2 = 24. గాజువాకకు 2 × 2 × 3 × 2, అదీ 24! పోలికే లేదన్న మాట నేను వెనక్కి తీసుకోవాలి.

అభ్యాసం: 530001 నుంచి 530050 వరకు 13తో పోయే సంఖ్యలు ఎన్ని? యాభై భాగహారాలు చేయకుండా 1001 చిట్కాతో చెప్పండి. జవాబు అయిదో పాఠంలో.