ఏబీఎస్ లైటు మనమే చూసుకుందాం – నాలుగో పాఠం: ఊడిరాని ఫ్యూజు

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, దానిలో తేడా వస్తే డ్యాష్‌బోర్డు మీద వెలిగేదే ఈ లైటు. లెక్క ప్రకారం ఈసారి చక్రాల దగ్గరున్న సెన్సర్లలోకి వెళ్ళాలి. వెళ్ళడం లేదు. పోయిన పాఠం చివర "ఏబీఎస్ ఫ్యూజు ఊడదీసి చూడండి" అని ఒక్క ముక్క రాశాను, అది చాలనుకునే రాశాను, ఇప్పటికీ చాలనే అంటాను, కానీ తర్వాత వచ్చిన మెసేజులు చదివితే సగం కోనసీమ బానెట్లు ఎత్తుకుని నిలబడ్డట్టుంది. రాజోలు నుంచి ఒకాయన "ఫ్యూజు తల చేతికొచ్చిందండీ, కాళ్ళు లోపలే ఉండిపోయాయి" అన్నారు. భీమవరంలో చెరువుల మీద తిరిగే బండి ఉన్నాయన కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగితే ఫ్యూజు రాలేదు గానీ ఫ్యూజుబాక్సే క్లిప్పులు తెంచుకుని పైకి లేచిందట. పాలకొల్లు తమ్ముడైతే కొబ్బరినూనె పోశాడు. ఎందుకు నాయనా?

కాబట్టి ఈ పాఠమంతా ఫ్యూజే.

అసలు ఊడదీయాల్సిన పని ఉందా అన్నది ముందు చూడండి. చిన్న బ్లేడు ఫ్యూజుల (రెండు చదును రేకు కాళ్ళుండేవి) నెత్తిన రెండు పక్కలా చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, అవి టెస్ట్ చేసుకోవడానికే పెట్టారు. తాళం ఆన్‌లో ఉంచి, మల్టీమీటర్ నల్ల వైరు బాడీకి పెట్టి, ఎర్ర వైరు ఒకసారి ఈ చుక్కకి, ఒకసారి ఆ చుక్కకి తగిలించండి. రెండు వైపులా 12 వోల్టులు వస్తే ఫ్యూజు బాగానే ఉంది, దాని జోలికి పోకండి. ఒక వైపే వస్తే కాలిపోయింది. నా వరకు మీటరు కన్నా టెస్ట్ ల్యాంపే ఇష్టం, బల్బు వెలిగిందా లేదా అని ఒక్క చూపులో తేలిపోతుంది, వంగి అంకెలు చదవక్కర్లేదు. సెన్సర్ వైర్ల మీద మాత్రం ఆ ల్యాంపు పెట్టకండి, అది వచ్చే పాఠం సంగతి.

చాలా కార్లలో ఏబీఎస్‌కి ఒక ఫ్యూజు కాదు, మూడు దాకా ఉంటాయి. పంపు మోటారుకి పెద్దది, సాధారణంగా 40 ఆంపులు ఆ చుట్టుపక్కల, వాల్వులకి 25 లేదా 30, ఈ రెండూ బానెట్ కింద. ఏబీఎస్ కంప్యూటర్‌కి తాళం తిప్పగానే కరెంటిచ్చే చిన్నది ఒకటి చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు కింద దొరుకుతుంది. మీ బండిలో ఎక్కడెక్కడున్నాయో బాక్సు మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది. మీకు మెసేజ్ పెట్టే ఓపిక ఉన్నప్పుడు మూత తిప్పి చూసే ఓపిక కూడా ఉండాలి.

తాళం తీసేయడం, బ్యాటరీ నెగటివ్ ఊడదీయడం మళ్ళీ చెప్పను. పంపు మోటారు ఫ్యూజుకి తాళంతో పని లేదు, ఎప్పుడూ కరెంటు ఉంటుంది, అందుకే నెగటివ్ తీయమనేది.

ఇప్పుడు భీమవరం కేసు. ఊడిరాని ఫ్యూజులన్నీ ఇరుక్కుపోయినవి కావు. కొన్నిటిని కింద నట్లతోనో స్క్రూలతోనో బిగించి ఉంటారు, వాటిని లాగి తీయడమనే పద్ధతే లేదు. ఇది మూడో పాఠం కింద ఒకరిద్దరికి విడిగా చెప్పాను, అయినా అదే పని మళ్ళీ చేస్తున్నారు గనక వివరంగా రాస్తున్నాను, మెల్లగా చదవండి. ఫ్యూజు బాక్సులో ఒక అంచున, ముఖ్యంగా బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు కేబుల్ వచ్చి చేరేచోట ఉంటే అనుమానించండి. పైన అద్దంలాంటి కిటికీ ఉండి, దాని గుండా చూస్తే అటొకటి ఇటొకటి స్క్రూ తలలు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు, అది బిగించిందే. కొన్ని బండ్లలో స్క్రూలు పైకి కనపడవు, బాక్సు పక్క గోడకి చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాని క్లిప్పు గోటితో నొక్కి తీస్తే లోపల స్క్రూలు బయటపడతాయి. ఇంకొన్నిటిలో బాక్సునే దాని స్టాండ్ నుంచి విప్పి పైకి ఎత్తి, పక్కకి వాల్చి, కిందనుంచి చూడాలి. ఎనిమిది నంబరు, పది నంబరు స్పానర్లు, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకుంటే దాదాపు పని అయిపోతుంది. నెగటివ్ తీయకుండా ఆ నట్టు మీద స్పానర్ వేసి, స్పానర్ రెండో కొస బాడీకి తగిలిందా, వెల్డింగ్ షాపు మీ బానెట్ కిందే తెరుచుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు గట్టిగా బిగించండి, వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది, అలాగని స్టడ్డు తెగేదాకా తిప్పకండి. ఒక ఫ్యూజు మీద రెండు చేతులా బలం పెట్టి లాగుతున్నారంటే, ఆ క్షణంలో ఆపి స్క్రూ ఎక్కడుందో వెతకండి.

స్క్రూలు లేవని తేలాకే అది ఇరుక్కున్న ఫ్యూజు. మన దగ్గర ఇరుక్కోవడానికి కారణం వెతకనక్కర్లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, 216 హైవే మీద ముందు వెళ్ళే రొయ్యల లారీ నుంచి కారే ఐసునీళ్ళు, వరదల్లో లంకల వైపు నీళ్ళల్లోంచి దాటించిన బండ్లు. బ్లేడు ఫ్యూజు కాళ్ళు ఎక్కువగా జింకువి, తడి తగిలితే తెల్లటి పొడి పడుతుంది. కింద ఆకుపచ్చగా కనిపిస్తే సాకెట్‌లోని రాగికి చిలుము పట్టిందని. రెంటికీ మందు ప్లాస్టిక్‌ని పాడుచేయని ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్, బ్యాటరీ నెగటివ్ తీసి, రెండుసార్లు పిచికారీ కొట్టి, కాసేపు ఆగి, ఆరాకే లాగాలి. కొబ్బరినూనె దుమ్ము పట్టుకుంటుంది, పైగా సంక్రాంతి చలికి గడ్డకడుతుంది. కిరసనాయిలు గురించి అడిగినవాళ్ళకి జవాబివ్వను.

లాగే పద్ధతి. ఫ్యూజుకి రెండు కాళ్ళూ ఒకే వరసలో ఉంటాయి. ఆ వరస వెంట మాత్రమే, ముందు ఈ కొస వెంట్రుకవాసి లేపి, తర్వాత ఆ కొస లేపి, అలా పైకి తీయాలి. వరసకి అడ్డంగా ఊపారంటే, పాతిన గుంజని అటూ ఇటూ ఊపితే గుంత వెడల్పయినట్టు, సాకెట్ దవడలు తెరుచుకుపోతాయి. అప్పుడు కొత్త ఫ్యూజు పెట్టినా పట్టు ఉండదు, గతుకుల్లో ఏబీఎస్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, మీరు నన్ను తిడతారు. డ్యాష్‌బోర్డు బాక్సు మూతలో దొరికే ప్లాస్టిక్ చిమటా ఉంటే అదే వాడండి. లేకపోతే నోస్ ప్లేయర్ మొనలకి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పట్టుకోండి, జారదు, తల పగలదు. నేను ఆ ప్లాస్టిక్ చిమటా ఉన్నా ఇదే వాడతాను.

తల విరిగి కాళ్ళు లోపల ఉండిపోయిన రాజోలు వారికి: ఒక్కో కాలినీ సన్నటి నోస్ ప్లేయర్‌తో నిలువుగా, మెలి తిప్పకుండా. ఫెవిక్విక్ వేసి తల అంటించి లాగాలన్న ఆలోచన మానుకోండి, అది సాకెట్‌లోకి జారితే బాక్సు మార్చాల్సిందే. ఫ్యూజు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి మాడి, కరిగి అతుక్కుపోయి ఉంటే అసలు లాగకండి, సాకెట్ పోయిందని అర్థం, మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి.

కొత్తది కొనేటప్పుడు రంగు చూసి కొనకండి. చిన్న బ్లేడు ఫ్యూజుల్లో పచ్చ అంటే 30 ఆంపులు. డబ్బాలా చదరంగా ఉండే జేకేస్ ఫ్యూజుల్లో పచ్చ అంటే 40, అక్కడ 30 గులాబీ రంగు. నెత్తిన ఉన్న అంకె చదవండి. కొత్తది పెట్టగానే మళ్ళీ కాలిపోతే పంపు మోటారు పట్టేసి ఉండొచ్చు, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తే కాలేది వైరింగే.

అమలాపురం నుంచి ఒకరు "ఫ్యూజు తీసేసి అలాగే తిరిగితే పర్లేదా" అన్నారు. మామూలు బ్రేకు పనిచేస్తుంది. కానీ ధాన్యం ఆరబోసిన రోడ్డు మీదో, వానకి నల్లమట్టి పేరుకున్న కాలవ గట్టు మీదో గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి స్టీరింగ్ మాట వినదు, పక్కన కాలవ ఉంటుంది. ముందు వెనక చక్రాలకి బ్రేకు పంచే ఈబీడీ కూడా అదే కంప్యూటర్ పని, అదీ పోవచ్చు. పసుపు ఏబీఎస్ లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతుంటే, హ్యాండ్‌బ్రేకు దించి బ్రేక్ ఆయిల్ చూసుకున్నాకా అది ఆరకపోతే, బండి ఇంట్లోనే ఉంచండి.

ఫ్యూజు మార్చినా లైటు ఆరలేదని కంగారు పడకండి. చాలా బండ్లలో కాస్త వేగం అందుకుని చక్రాల సెన్సర్లు సరిగ్గా పలుకుతున్నాయని తేలాకే ఆరుతుంది. అప్పటికీ ఆరకపోతే తప్పు ఫ్యూజులో లేదు.

ప్రాక్టీసు: మీ కారు మీద కాదు. రావులపాలెమో తణుకో, మీకు దగ్గర్లో ఉన్న పాత కార్ల సామాన్ల షాపులో ఫ్యూజులతో సహా పాత బాక్సు ఒకటి అడగండి. అందులోని ప్రతి ఫ్యూజూ, స్క్రూలవి కూడా, ప్లాస్టిక్ మీద గీత పడకుండా తీసి మళ్ళీ పెట్టండి. తర్వాత లైట్లార్పి, ఫోన్ టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని ఇంకోసారి, ఎందుకంటే ఈ లైటు వెలిగేది ఎప్పుడూ రాత్రిపూటే. తీసిన ప్రతి సాకెట్‌లో పాత ఫ్యూజు కాలు ఒక్కటే దింపి, పట్టు ఎలా ఉందో వేలికి తెలిసేదాకా చూడండి, వదులుగా ఉన్నవి కాగితం మీద రాయండి. ఆ కాగితం ఫోటో పంపితేనే ఐదో పాఠంలో మీ ప్రశ్నకి జవాబిస్తాను. ఆ పాఠానికి జాకీ, చక్రం స్పానర్, ఒక పాత టూత్‌బ్రష్ కావాలి.