లాటరీ తగిలితే డబ్బు చేతికొచ్చేదెలా? పన్ను పోగా మిగిలేదెంత?

కార్తీకం వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడప ఊళ్ల నుంచి మాల వేసుకున్న స్వాములు బండ్లు మాట్లాడుకుని శబరిమల బయల్దేరతారు. తిరుగుదారిలో టీ కోసం ఎక్కడ ఆగినా పక్కన ఒక లాటరీ బడ్డీ ఉంటుంది. కేరళ ప్రభుత్వ క్రిస్మస్-న్యూ ఇయర్ బంపర్ టికెట్లు అమ్మేది సరిగ్గా ఆ సీజన్లోనే. ఈమధ్య ఏళ్లలో టికెట్ 400 రూపాయలు, మొదటి బహుమతి 20 కోట్లు. 2024 జనవరి డ్రాలో ఆ 20 కోట్లు శబరిమల దర్శనానికి వచ్చిన పుదుచ్చేరి యువకుడికి తగిలాయి. అదే ఏడాది ఓనం బంపర్ 25 కోట్లు కర్ణాటకలోని మండ్య జిల్లాకు చెందిన ఒక మెకానిక్‌కి దక్కాయి. కాబట్టి బయటి రాష్ట్రం వాళ్లకు ఇవ్వరేమో అన్న అనుమానం అక్కర్లేదు.

అయితే బోర్డు మీద 20 కోట్లు అని ఉంటే చేతికి 20 కోట్లు రావు. ఇది చాలామందికి తెలుసు. బ్యాంకు ఖాతాలో పడిన డబ్బు కూడా పూర్తిగా మనది కాదన్న సంగతి మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. అసలు దెబ్బ తగిలేది అక్కడే.

ముందు టికెట్ సంగతి చూసుకోండి

మన రాష్ట్రంలో లాటరీలు లేవు. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం ప్రకారం ఏ రాష్ట్రమైనా బయటి రాష్ట్రాల టికెట్ల అమ్మకాన్ని తన హద్దుల్లో నిషేధించవచ్చు. నిషేధం ఉన్నచోట అమ్మేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు పడుతుంది. కాబట్టి గుంతకల్లులోనో ప్రొద్దుటూరులోనో ఎవరో చాటుగా అమ్మే టికెట్‌ని నమ్ముకోవద్దు. కేరళ లాటరీ కాగితం టికెట్ మాత్రమే, ఆన్‌లైన్లో అమ్మరు. వాట్సాప్‌లో టికెట్ ఫొటో పంపి డబ్బులు వేయమన్నారంటే అది మోసం. ఇక మట్కా, మూడంకెల ఆటలు లాటరీ కిందికే రావు. పందెం డబ్బు ఇవ్వకపోతే కోర్టుకెళ్లి వసూలు చేసుకునే హక్కు కూడా మీకుండదు.

కేరళలో బడ్డీ దగ్గర కొన్న అసలు టికెట్ చేతిలో ఉందనుకుందాం. నంబర్ తగిలిందని తెలిసిన వెంటనే టికెట్ వెనకవైపు మీ పేరు, చిరునామా రాసి సంతకం చేయండి. సంతకం లేని టికెట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే అన్నట్టు అవుతుంది. రెండు వైపులా ఫొటో, జిరాక్స్ తీసుకోండి. లామినేషన్ చేయించొద్దు, మడతలు పెట్టొద్దు. నంబర్‌ని టీవీలోనో పేపర్లోనో చూసి సరిపెట్టుకోకుండా కేరళ ప్రభుత్వ గెజిట్ ఫలితాలతో పోల్చుకోండి.

ఆ టికెట్ ఫొటోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. 2022లో ఓనం బంపర్ 25 కోట్లు తగిలిన తిరువనంతపురం ఆటో డ్రైవర్ ఇంటి ముందు సాయం అడిగేవాళ్లు బారులు తీరారు. ఇంట్లో ఉండలేక బంధువుల ఇళ్లకు మారుతున్నానని ఆయనే వీడియోలో చెప్పుకుని బాధపడ్డాడు. ఆ తర్వాతే బంపర్ విజేతలకు డబ్బు జాగ్రత్త చేసుకోవడం మీద కేరళ లాటరీ శాఖ శిక్షణ తరగతి పెట్టింది. పుదుచ్చేరి యువకుడు మాత్రం తన వివరాలు బయటపెట్టొద్దని ముందే కోరాడు. తెలివైన పని.

డబ్బు కోసం దరఖాస్తు

5,000 రూపాయల లోపు బహుమతైతే కేరళలో ఏ లాటరీ దుకాణంలోనైనా ఇచ్చేస్తారు. అంతకు మించితే లాటరీ ఆఫీసులోగానీ బ్యాంకు ద్వారాగానీ టికెట్ అప్పగించాలి. గడువు 30 రోజులు. అనంతపురం నుంచి వెళ్లి రావడం, కాగితాలు సిద్ధం చేసుకోవడం అన్నీ కలిపి చూస్తే ఇది పెద్ద సమయమేమీ కాదు.

దరఖాస్తుతో పాటు టికెట్ రెండు వైపుల కాపీలు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి అటెస్ట్ చేసిన ఫొటోలు, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు, ఆధార్, పాన్, పాస్‌బుక్ కాపీలు పెట్టుకోండి. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పాన్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే ముందు అది సరిచేయించుకోండి. మన ఊళ్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం మామూలే. అక్కడే ఫైలు ఆగిపోతుంది.

బ్యాంకు ఖాతా ఏ రకందో కూడా కనుక్కోండి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో ఏడాదికి లక్షకు మించి జమ కుదరదు. బ్రాంచికి వెళ్లి కేవైసీ పూర్తి చేయించుకుంటే సరిపోతుంది. డబ్బు పడ్డాక మొత్తం ఒకే బ్యాంకులో ఉంచొద్దు, డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే వర్తిస్తుంది.

20 కోట్లలో ఏది ఎక్కడ పోతుంది

కాగితం, పెన్ను తీసుకుని మీరే వేసి చూసుకోండి. వేరే ఆదాయం లేదనుకుందాం.

బహుమతి 20 కోట్లు. టికెట్ అమ్మిన ఏజెంటు కమిషన్ 10 శాతం, అంటే 2 కోట్లు, ముందే తీసేస్తారు. మిగిలింది 18 కోట్లు. దాని మీద 30 శాతం టీడీఎస్, 5 కోట్ల 40 లక్షలు, కోసుకుని ఆదాయపు పన్ను శాఖకు కడతారు. మీ ఖాతాలో పడేది 12 కోట్ల 60 లక్షలు.

పన్ను అయిపోయింది కదా అని ఇక్కడే అందరూ గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. అవ్వలేదు. టీడీఎస్ 30 శాతమే కోస్తారు, సర్‌చార్జీ, సెస్సు కలపరు. ఆ రెండూ గెలిచినవాళ్లే సొంతంగా కట్టాలి. ఆదాయం 2 కోట్లు దాటితే కొత్త పన్ను విధానంలో పన్ను మీద 25 శాతం సర్‌చార్జీ. 5 కోట్ల 40 లక్షల మీద అది 1 కోటి 35 లక్షలు. రెండూ కలిపిన 6 కోట్ల 75 లక్షల మీద 4 శాతం సెస్సు, 27 లక్షలు. అంటే ఖాతాలో పడిన డబ్బులోంచి ఇంకా 1 కోటి 62 లక్షలు ప్రభుత్వానికి బాకీ ఉన్నట్టే. అది పోగా నిజంగా మీది అనుకోదగ్గది 10 కోట్ల 98 లక్షలు.

ఎల్ఐసీ ప్రీమియం కడుతున్నాం, ఇంటి లోను ఉంది, పాత విధానమే మంచిదని ఎవరైనా చెబితే వినకండి. పాత విధానంలో 5 కోట్లు దాటిన ఆదాయానికి సర్‌చార్జీ 37 శాతం. ఇదే లెక్కలో 67 లక్షలకు పైగా అదనంగా పోతుంది. ఎలాగూ ప్రీమియాలు, లోన్లు చూపించి లాటరీ డబ్బు మీద పన్ను తగ్గించుకోలేం. ఇన్నేళ్లుగా తగలని టికెట్లకు పెట్టిన ఖర్చునూ మినహాయించరు, వ్యాపారంలో వచ్చిన నష్టాన్నీ సర్దుబాటు చేయరు. కదిరి నరసింహస్వామికి మొక్కుకుని ఉంటే తప్పకుండా తీర్చుకోండి, హుండీలో వేసిన సొమ్ము మాత్రం ఈ లెక్కలోంచి తగ్గదు.

చిన్న బహుమతులకు సర్‌చార్జీ ఇంత ఉండదు. మొత్తం ఆదాయం 50 లక్షల లోపైతే అసలు లేదు, కోటి దాకా 10 శాతం, 2 కోట్ల దాకా 15 శాతం. సెస్సు మాత్రం అందరికీ ఉంటుంది.

మిగతా పన్ను ఎప్పుడు కట్టాలి

ఆ 1 కోటి 62 లక్షలు రిటర్ను వేసేటప్పుడు చూసుకుందాంలే అనుకోవద్దు. ఇది అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఆర్థిక సంవత్సరం ముగిసేలోగానే వాయిదాల్లో కట్టే పన్ను కిందికి వస్తుంది. లాటరీ ఎప్పుడు తగులుతుందో ముందే తెలియదు కాబట్టి, గడిచిపోయిన వాయిదాలకు వడ్డీ వేయరు. తగిలిన తర్వాత వచ్చే వాయిదాల్లో కడితే చాలు, అవి కూడా దాటిపోయి ఉంటే మార్చి 31 లోపు కట్టాలి. క్రిస్మస్ బంపర్ డ్రా జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో ఉంటుంది కాబట్టి మీకు ఉండేది రెండు నెలలే. ఏప్రిల్ 1 నుంచి నెలకు 1 శాతం వడ్డీ నడుస్తుంది. ఈ లెక్కలో నెలకు 1 లక్షా 62 వేలు.

అందుకే డబ్బు పడిన రోజే ఆ మొత్తాన్ని పక్కన పెట్టేయండి. సైటు కొనే మాట, బంధువులకు అప్పు ఇచ్చే మాట ఆ తర్వాతే. తర్వాత ఆడిటర్‌తో చలానా కట్టించి రసీదు దాచుకోండి.

రైతులకు, కూలి చేసుకునేవాళ్లకు

మనకు ఏడాదికి 12 లక్షల దాకా పన్నే లేదు కదా, కోసిన టీడీఎస్ రిఫండ్ వస్తుందిలే అని మన దగ్గర చాలామంది ధీమాగా ఉంటారు. లాటరీకి అది వర్తించదు. వేరుశెనగ వేసుకునే రైతుకి పంట తప్ప వేరే ఆదాయం లేకపోయినా, లక్ష రూపాయల బహుమతి మీద కొత్త విధానంలో 31,200 పన్ను పడుతుంది. 30,000 టీడీఎస్‌గా పోతుంది, ఇంకా 1,200 కట్టాలి. కనీస మినహాయింపు లేదు, రిబేటు లేదు. పాత విధానంలో 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు లెక్క కొంచెం వేరుగా ఉంటుంది, చిన్న బహుమతైతే ఆడిటర్‌ని ఆ మాట అడగండి. పంట ఆదాయానికి పన్ను లేదు కదా అని లాటరీ డబ్బుని వేరుశెనగ అమ్మిన డబ్బుగా చూపించడం మాత్రం కుదరదు. టీడీఎస్ కోశారంటే అది మీ పాన్ మీద ఎక్కుతుంది.

ఒక టికెట్ మీద బహుమతి 10,000 దాటకపోతే టీడీఎస్ కోయరు. కోయలేదంటే పన్ను లేదని కాదు, రిటర్నులో చూపించాల్సిందే.

నలుగురు కలిసి కొంటే

2023లో కేరళలోని పరప్పనంగాడిలో చెత్త సేకరించే హరిత కర్మసేన మహిళలు 11 మంది తలా కొంత వేసుకుని 250 రూపాయల టికెట్ కొన్నారు. 10 కోట్లు తగిలాయి. ఆ ఏడాదే ఓనం బంపర్ 25 కోట్లు తమిళనాడుకు చెందిన నలుగురు స్నేహితులు పంచుకున్నారు. బస్సులో అందరూ కలిసి కొంటుంటే, డ్రా కంటే ముందే ఒక కాగితం మీద టికెట్ నంబరు, ఎవరెంత వేశారో రాసి అందరూ సంతకాలు చేయండి. డబ్బు అడిగేటప్పుడు అందరి పాన్ నంబర్లూ ఇవ్వండి. అలా చేయకపోతే మొత్తం ఆదాయం, మొత్తం టీడీఎస్ ఒక్కరి పాన్ మీదే పడతాయి. ఆ తర్వాత ఆయన స్నేహితులకిచ్చే వాటాలు బహుమానంగా కనిపిస్తే, 50,000 దాటిన ప్రతి వాటా మీదా తీసుకున్నవాళ్లు మళ్లీ పన్ను కట్టాల్సి వస్తుంది.

భార్య, పిల్లలు, అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు ఇస్తే వాళ్లకు పన్ను లేదు. భార్య పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ మాత్రం భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

బైకు, బంగారం తగిలితే

దసరాకో ఉగాదికో దుకాణాల్లో కూపన్లు ఇచ్చి లక్కీ డ్రా తీస్తారు. లక్ష రూపాయల బైకు తగిలిందనుకోండి, దాని మీద 30 శాతం పన్ను కట్టాకే తాళం ఇవ్వాలని చట్టం. దుకాణం వాళ్లు మిమ్మల్ని 30,000 కట్టమని అడగవచ్చు, లేదా వాళ్లే భరించవచ్చు.

దొంగలు కూడా సరిగ్గా ఇదే మాట చెబుతారు: బహుమతి తగిలింది, పన్ను కట్టండి అని. తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. డబ్బు రూపంలో వచ్చే బహుమతిలోంచి పన్ను కోసుకుంటారే తప్ప ముందు మీరు పంపండి అని ఎవరూ అడగరు. వస్తువు విషయంలో, మీరు నిజంగా కూపన్ వేసిన దుకాణమేనా అని చూడండి. నేరుగా వెళ్లి, సంస్థ ఖాతాకే కట్టి, రసీదు తీసుకోండి. మీ పాన్ నంబరుతో టీడీఎస్ సర్టిఫికెట్ ఇస్తారో లేదో అడగండి. ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకో పంపమంటే బయటికి వచ్చేయండి. కేబీసీ లాటరీ 25 లక్షలు, రిజర్వ్ బ్యాంకులో మీ పేరున కోట్లు ఉన్నాయి లాంటివన్నీ పచ్చి మోసాలు. రిజర్వ్ బ్యాంకులో మామూలు మనుషులకు ఖాతాలే ఉండవు. విదేశీ లాటరీ టికెట్ కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపడాన్ని విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలే నిషేధించాయి. డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. గంట ఆలస్యమైనా డబ్బు చేతులు మారిపోతుంది.

నెలనెలా డబ్బు కట్టించుకుని, డిప్పులో పేరొస్తే మిగతా కంతులు మాఫీ అనే స్కీములు 1978 చట్టం ప్రకారం నిషేధం. వాటి జోలికి పోవద్దు.

కువైట్‌లో ఉన్నవాళ్లకు

కడప వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు గల్ఫ్ డ్రాల్లో టికెట్లు కొంటుంటారు. మీరు ఎన్నారై అయి, డబ్బు ముందు అక్కడి మీ ఖాతాలోనే అందితే మన దేశంలో దాని మీద పన్ను పడదు. తర్వాత ఇంటికి పంపుకోవచ్చు. ఇండియాకు తిరిగొచ్చి ఇక్కడ పూర్తి రెసిడెంట్ (ఆర్డినరీ రెసిడెంట్) అయ్యాక తగిలితే మాత్రం ఏ దేశంలో తగిలినా ఇక్కడ పన్ను కట్టాలి.

రిటర్ను, రేషన్ కార్డు

ఉద్యోగులు మామూలుగా వేసే ఐటీఆర్-1 లాటరీ ఆదాయానికి చెల్లదు. ఐటీఆర్-2 వేయాలి, వ్యాపారం ఉంటే ఐటీఆర్-3. లాటరీ మొత్తాన్ని ఇతర ఆదాయాల కింద ప్రత్యేక రేటు గడిలో చూపించి, ఆదాయపు పన్ను పోర్టల్లోని ఏఐఎస్‌తో (మీ ఆదాయం, టీడీఎస్ వివరాలుండే పట్టిక) టీడీఎస్ అంకె సరిపోయిందో చూసుకోండి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ 30 శాతం రేటు అలాగే ఉంది.

ఇంట్లో ఒకరు పన్ను కట్టినట్టు రికార్డులోకి ఎక్కితే రైస్ కార్డు, పింఛను అర్హత మీద ప్రభావం పడుతుంది. పీఎం కిసాన్ కూడా అంతకుముందు ఏడాది పన్ను కట్టినవాళ్లకు రాదు. 20 కోట్లు తగిలినవాళ్లకు ఇదేం లెక్కలోది కాదు. లక్కీ డ్రాలో బైకు తగిలిన ఇంట్లో అవ్వ పింఛను మీద బతుకుతుంటే మాత్రం ఇది చాలా పెద్ద విషయం. బైకు మీ పాన్ మీద తీసుకునే ముందే సచివాలయంలో ఒకసారి కనుక్కోండి.