బాలుడిపై దోపిడీ కేసు: సాక్షి 'వీడే' అన్నప్పుడు ఆ గుర్తింపును పరీక్షించే పద్ధతి

కోనసీమలో ఒక కాలువ గట్టు మీద, రాత్రి ఏడున్నరకు, గుడి నుంచి ఇంటికి వెళుతున్న ఒక పెద్దావిడ మెడలోని గొలుసును ఇద్దరు కుర్రాళ్ళు కత్తి చూపించి తెంచుకుపోయారనీ, పది రోజుల తరువాత ఒక పదహారేళ్ళ బాలుణ్ణి చూసి ఆమె 'వీడే' అన్నదనీ అనుకుందాం. అటువంటి కేసులో బాలుడి పక్షాన నిలిచే యువ న్యాయవాదుల కోసం ఇది రాస్తున్నాను. ఆవిడ అబద్ధమాడుతోందన్న ఊహతో మాత్రం పని మొదలుపెట్టవద్దు. నిజాయితీ గల మనిషి కూడా ముఖాల విషయంలో పొరబడుతుంది, పైగా నెలలు గడిచేకొద్దీ ఆ పొరపాటు మీదే నమ్మకం గట్టిపడుతుంది.

మొదట ఎఫ్‌ఐఆర్ నకలు సంపాదించండి. ఎవరి ముఖమూ చూపించకముందు ఆవిడ చెప్పిన పోలికలు దొరికేది అక్కడే. అందులో 'గుర్తు తెలియని ఇద్దరు కుర్రాళ్ళు' అని మాత్రమే ఉండి, తరువాతి వాంగ్మూలంలో కనుబొమ్మ మీది మచ్చ, చేతి కడియం వచ్చి చేరితే, ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో ఆరా తీయాలి. ఒకే ఒక్క ఫొటోను ఫోనులో చూపించి 'వీడేనా అమ్మా' అని అడిగి ఉండవచ్చు, లేదా పట్టుబడ్డ రోజునే బాలుడి ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి ఉండవచ్చు. బాలుడెవరో బయటపెట్టడాన్ని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షను నిషేధిస్తుంది. అదే పని సాక్ష్యాన్ని కూడా చెడగొడుతుంది, ఎందుకంటే ఆ తరువాత ఆవిడ గుర్తుపడుతున్నది గట్టు మీద చూసిన ముఖాన్నో ఫోనులో చూసిన ముఖాన్నో ఆవిడకే తెలియదు.

సంఘటన స్థలానికి అదే వేళకు మీరే వెళ్ళండి. వెళ్ళేముందు ఆ రోజు తిథి పంచాంగంలో చూసుకోండి: బహుళ పంచమి అయితే ఏడున్నరకు చంద్రుడింకా ఉదయించడు. వీధి దీపం నుంచి ఎన్ని అడుగులో కొలిచి, ఒక మిత్రుణ్ణి దొంగ నిలబడిన చోట నిలబెట్టి, ఆవిడ నిలబడిన చోటి నుంచి చూడండి. దీపం అతని వెనుక ఉంటే జుట్టు అంచు, చెవులు మాత్రమే వెలుగుతాయి, కళ్ళూ ముక్కూ నీడలో కలిసిపోతాయి. కనిపించినది అక్కడే రాసుకోండి. ఎదుట కత్తి ఉన్నప్పుడు చూపు ముఖం మీద కన్నా దాని మీదే ఎక్కువగా నిలుస్తుందన్నది మనస్తత్వ పరిశోధనలలో తేలిన విషయం.

గుర్తింపు పరేడ్, అంటే అనుమానితుణ్ణి ఇతరులతో కలిపి వరుసలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం, జరిగి ఉంటే దాని నివేదికను అక్షరం అక్షరం చదవండి. వరుసలో మిగతావారంతా మీసాలొచ్చిన పాతికేళ్ళవారై, మధ్యలో ఈ బాలుడొక్కడే పసివాడుగా ఉంటే అది పరీక్షే కాదు. పరేడ్‌లో గుర్తించడం స్వతంత్ర సాక్ష్యం కాదు, విచారణలో చెప్పిన గుర్తింపుకు బలం చేకూర్చేది మాత్రమేనని మన న్యాయస్థానాలు పదేపదే చెప్పాయి.

మన ప్రాంతంలో మరొక చిక్కుంది. ఈ బాలుడు ఏరు దాటించే పంటు రేవులో సరుకు దించే పని చేస్తూ ఉంటే, ఆవిడ ఏటి అవతలికి వెళ్ళినప్పుడల్లా అతణ్ణి చూసే ఉంటుంది. ఎక్కడో చూసిన ముఖమన్న భావన దొంగ ముఖంగా మారిపోగలదు. ముందే బాగా తెలిసినవాడని ఆవిడ అంటే, మరి ఎఫ్‌ఐఆర్‌లో అతని ప్రస్తావన ఎందుకు లేదన్నది మీ ప్రశ్న.

వయసు రుజువు కోసం పుట్టిన తేదీ ఉన్న బడి ధ్రువపత్రాన్ని ఆ వారంలోనే తెప్పించండి. బాల న్యాయ చట్టం 94వ సెక్షను ప్రకారం మొదట చూసేది దాన్నే.

ఇక బాల న్యాయ మండలి ఎదుట ఆవిడను గౌరవంగా, చిన్న ప్రశ్నలతో అడగండి. "అమ్మా, మీకు ఫోనులో ఎన్ని ఫొటోలు చూపించారండీ?" అన్న ప్రశ్నకు "ఒక్కటే బాబూ" అన్న జవాబు వస్తే, అది రికార్డులోకి ఎక్కిందని చూసుకుని కూర్చోండి. ఇంకొక ప్రశ్న వేస్తే ఆవిడ సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడుతుంది.