మంత్రగత్తెల నవల రెండో భాగం చదవబోతున్నారా?

మొదటి భాగం మొత్తం మళ్లీ చదివాకే రెండోది తెరవాలన్న పట్టుదల వదిలేయండి. నేను అందులో చివరి రెండు అధ్యాయాలూ, హీరోయిన్ మొదటిసారి మంత్రం వేసిన అధ్యాయమూ చదువుకుంటాను, అంతే. ఎవరు ఎక్కడ మిగిలారో చివరి అధ్యాయాలు గుర్తు చేస్తాయి. ఆ లోకంలో మంత్రం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో సాధారణంగా మొదటి మంత్రం దగ్గరే బయటపడుతుంది.

‘నెట్‌లో కథ చదివేస్తే సరిపోదా పిన్నీ?’ అంటుంది మా అక్క కూతురు. ఎవరు చచ్చిపోయారో తెలుసుకోవడానికి సరిపోతుంది. కానీ ఫలానా పిల్ల ఏ మాటలతో ఒట్టు పెట్టుకుందో అందులో దొరకదు. ఈ రకం కథల్లో రెండో భాగమంతా ఒక్కోసారి ఆ మాటల్లోని మెలిక మీదే నడుస్తుంది.

పుస్తకంలో ఒక కాగితం ముక్క పెట్టుకోండి. పాత్రల పేర్లూ వంశవృక్షాలూ దానిమీద ఎక్కించకండి, హోంవర్కులా తయారవుతుంది. బాకీలు మాత్రం రాయండి. ఎవరు ఏ మంత్రం వేశారు, బదులుగా ఏం పోగొట్టుకున్నారు, ఇంకా ఏం తీర్చాలి. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గానీ ఈ పుస్తకాల్లో రాలతాయి. రాల్చినవాళ్లు ఏం చెల్లించారన్నదే అసలు కథ. మొదటి భాగంలో చిన్న గాయం మాన్పినందుకే ఒకమ్మాయి తన చిన్ననాటి జ్ఞాపకం ఒకటి పోగొట్టుకుందనుకోండి. రెండో భాగంలో ఊరంతటినీ కాపాడి, ఏమీ జరగనట్టు లేచి నిలబడిందనుకోండి. రచయిత మనల్ని మోసం చేసి ఉండాలి, లేదా ఆ బాకీ ఇంకెవరి ఖాతాలోనో పడుతూ ఉండాలి. రెండోదైతే భలే మజా. అలా అనుమానం వచ్చిన చోట పేజీ నంబరు వేసుకుని ముందుకు సాగండి.

కొన్ని రెండో భాగాలు మనకు తెలియని మనిషితో మొదలవుతాయి. విసుగొచ్చి పేజీలు తిప్పేస్తూ పాత హీరో కోసం వెతక్కండి. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ అనే మాంత్రిక లోకం మీద రాసిన నవలల్లో మొదటిది 1968లో వచ్చింది. 1971లో వచ్చిన రెండోదాంట్లో కథ ఒక కొత్త అమ్మాయిది. మొదటి నవల హీరో గెడ్ చాలా పేజీల తర్వాత గానీ కనిపించడు. అదీ ఆ అమ్మాయి కాపలా కాస్తున్న చీకటి సొరంగాల్లోకి చొరబడ్డ దొంగగా! మొదటి భాగమంతా మనం వెంట నడిచిన మనిషి ఆమెకు ఎలా కనబడుతున్నాడో చూడటంలోనే రుచి ఉంది. మధ్యలో దూకేస్తే అది పోయినట్టే.

మంత్రగత్తెల మీద విచారణ ఘట్టం వస్తే మాత్రం నెమ్మదించండి. ఇలాంటి ఘట్టాలు చాలావాటి వెనక 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నేరం మోపి జరిపిన విచారణలు ఉంటాయి. అక్కడ ఎవరినీ తగలబెట్టలేదు. 19 మందిని ఉరితీశారు. నేరం చేశానని గానీ చేయలేదని గానీ చెప్పనన్న ఒక ముసలాయన్ని మీద బండరాళ్లు పేర్చి చంపారు. నేరం ఒప్పుకున్నవాళ్లు దాదాపుగా బతికిపోయారు, మేం మంత్రగత్తెలం కాదని చివరిదాకా నిలబడ్డవాళ్లు ఉరికంబం ఎక్కారు. ఈ తిరకాసు తెలిస్తే నవల్లో కోర్టు సీను వేరేలా కనిపిస్తుంది. ఎవరు ఒప్పుకుంటున్నారు, ఒప్పుకుంటూ పక్కవాళ్లలో ఎవరి పేరు చెబుతున్నారు? ఆ పేరు కూడా కాగితం మీదకి ఎక్కాలి.

ప్రేమ గొడవల దగ్గర స్పీడుగా చదివేసినా పెద్ద నష్టం లేదు. మా అక్క కూతురు దీనికి అస్సలు ఒప్పుకోదు.

ఇంకొకటి. కొన్ని పుస్తకాల చివర మూడో భాగంలోంచి ఒక అధ్యాయం అచ్చువేస్తారు. మూడోది చేతికి వచ్చేదాకా దాని జోలికి వెళ్లకండి. ఎలాగూ ఆ పుస్తకంలో అదే మళ్లీ ఉంటుంది. ఇప్పుడే చదివితే నెలల తరబడి టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.